గిర్ని అనసూయమ్మ పిలుపు

2013 జూన్ 9, ఆదివారం సాయంత్రం. చిక్కడపల్లిలో మా సందులోని పిండిగిర్ని వెనక గది. దగ్గరున్నవారు: కొడుకు శ్రీను, కోడలు లత, పక్కింట్లో బట్టలు కుట్టే సరోజ, సందు మొదట్లో ఉండే డాక్టరు గారు, నేను.

మా అందరి కళ్ళ ముందే అనసూయమ్మ వెళ్ళిపోయింది. డాక్టరు గారు నాడి చూసి, పట్టుకున్న చేతిని మెల్లగా మంచం మీద ఉంచారు. లత ఆయన మొహంలోకి చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడి మజ్జిగ తాగి వెళ్ళిన మనిషి. పెళ్ళయిన ఏడాది నుంచి ఏ రోజు సంగతి ఆ రోజు రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఆ రోజు తేదీ వేశాను. ఆమె పేరు రాశాను. ఆ పేరు పక్కన రాయవలసిన మాట రాయడానికి చెయ్యి రాలేదు.

ఆమెను ఎరగనివారికి నాలుగు మాటలు చెప్పాలి. అనసూయమ్మ పుట్టింది, పెరిగింది, మెట్టింది అంతా ఈ చుట్టుపక్కలే. భర్త మల్లేశం గారు గిర్ని నడిపేవారు. ఆయన మర చూసుకుంటే ఈమె తూకం, మాట చూసుకునేది. గోధుమలు పట్టించడానికి వెళ్ళిన ఆడవాళ్ళు పిండితోపాటు ఇంట్లో బాధ కూడా అక్కడ దించి వచ్చేవారు. ఆమె ఏ పార్టీలోనూ లేదు. ఏ వేదిక మీదా కూర్చోలేదు. మా సందులో ఏ ధర్నా జరిగినా ముందురోజు ఇల్లిల్లూ తిరిగి పిలిచింది మాత్రం ఆమే.

ఆ పిలిచే తీరు ఆమెదే. 2009 ఎండాకాలంలో మా కుళాయిల్లో మురుగు కలిసి వచ్చింది. మగవాళ్ళు అర్జీ రాసి, సంతకాలు చేయించి, ఆఫీసులో ఇచ్చి వచ్చారు. నీళ్ళ వాసన మారలేదు. ఒకరోజు అనసూయమ్మ గిర్ని పని భర్తకు వదిలి, పట్టుచీర కట్టుకుని, కుంకుమభరిణె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెళ్ళిపిలుపు అనుకుని పీట వేశాను. నా నుదుట బొట్టు పెట్టి, "రేపు పొద్దుగాల నీళ్లాఫీసుకు రావాలె అక్కా" అంది.

అర్జీలూ కరపత్రాలూ ఉండగా ఇదేమిటని అడిగాను. "కాగితమిస్తే కిటికీల పెట్టి మరిచిపోతరు. బొట్టు పెట్టినంక ఇంట్ల కూసుంటే మనసున పట్టది" అంది. నిజమే. బొట్టు పెట్టించుకున్న పాపానికి మేమందరం మర్నాడు మంచి చీరలు కట్టుకుని బయలుదేరాం. అంతమందిని చూసి ఆఫీసరు గారు పెళ్ళివారు దారితప్పి వచ్చారనుకున్నారు. ఫంక్షన్ హాలు పక్క వీధిలో ఉందని మర్యాదగా చెప్పారు. "పెండ్లి గాదు సార్. మీ నీళ్లు తాగి ఎట్లయినా పోయేటోళ్లమే గద, జర మంచిగ తయారై వచ్చినం" అంది అనసూయమ్మ. ఆయన కుర్చీలు తెప్పించారు. ఆ వారంలోనే పైపు మార్చారు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి ఆమె నారాయణగూడలో చదువుకునే బడిపిల్ల. ఊరేగింపులో లాఠీదెబ్బ తగిలి కుడి మోచెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. జల్లెడ పట్టినప్పుడు ఆ చెయ్యి ఎప్పుడూ కొంచెం వంగే ఉండేది. అప్పుడు నిన్నెవరు పిలిచారని ఒకసారి అడిగాను. "ఎవ్వరు పిలువలే. గుంపు ఉరికింది, నేను గూడ ఉరికిన. కింద పడ్డంక సూస్తే చుట్టు ఎరికైన ముఖం ఒక్కటి లేదు. గందుకే అక్కా, పోతే ఎరికైనోళ్లతోని పోవాలె" అని పిండి దులుపుకుని లేచింది. బొట్టు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆనాడు బోధపడింది.

2009 చివర తెలంగాణ ఉద్యమం మళ్ళీ రాజుకుంది. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. సందులో పలకరింపులు తగ్గాయి. మా ఇళ్ళ తలుపులు పగలు కూడా వేసి ఉండేవి. అశోక్‌నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టడానికి ముందురోజు అనసూయమ్మ భరిణెతో మా మెట్లెక్కింది. మావారు పేపరు దించలేదు. ఆంధ్రావాళ్ళ ఇంటికి ఎందుకు పోతున్నావని కుర్రవాళ్ళు వీధిలోంచే ఆమెను నిలదీశారు. ఆమె వెనక్కి తిరిగి, "రోడ్డు మీద పొయ్యి వెట్టినంక పొగ ఆళ్లింట్లకు పోదా బిడ్డా? చెప్పి పెట్టాలె గద" అంది. నాకు బొట్టు పెట్టి, "వచ్చుడు రాకపోవుడు మీ ఇష్టం అక్కా. పిలువకుంటే మాత్రం తప్పు నాదైతది" అని వెళ్ళింది. మేము వెళ్ళలేదు. మా అత్తగారు మాత్రం పెద్ద గిన్నెడు మజ్జిగలో కరివేపాకు వేసి చౌరస్తాకు పంపించారు. మజ్జిగకు రాష్ట్రం లేదని ఆవిడ మావారితో అన్నారు.

2011 చివర్లో మల్లేశం గారు గుండెపోటుతో పోయారు. కర్మకాండలు అయ్యాక అనసూయమ్మ గిర్ని మళ్ళీ తెరిచింది. కానీ పిలవడానికి రావడం మానేసింది. భర్త పోయిన స్త్రీ ఇంకొకరి నుదుట కుంకుమ పెట్టకూడదు. ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. అనవలసిన పని లేకపోయింది.

మరుసటి సంవత్సరం బడి తెరిచే ముందు, మా సందు మలుపులో ఉన్న సర్కారు బడిని ఎత్తివేసి వేరేచోట కలుపుతారని తెలిసింది. ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు, కూరగాయల బండ్లవాళ్ళ పిల్లలు చదివేది అక్కడే. కొత్తగా కలిపే బడి రెండు పెద్ద రోడ్లు దాటితేగాని రాదు. ఆరేడేళ్ళ పిల్లలను ఎవరు దాటిస్తారు? పనికి వెళ్ళే తల్లులు మాన్పించేస్తారని అందరికీ తెలుసు. కరపత్రాలు వేశారు. మీటింగుకు వేసినవాళ్ళే వచ్చారు. లత చేత భరిణె పంపమని ఎవరో సలహా ఇచ్చారు. లత పాపం రెండు ఇళ్ళకు వెళ్ళి, ఏమని పిలవాలో తెలియక, ఏడ్చుకుంటూ తిరిగి వచ్చింది.

అప్పుడు అనసూయమ్మ తానే వచ్చింది. లోపలికి రాలేదు. గేటు బయట నిలబడి, చేతులు కొంగులో దాచుకుని, బడి కాడికి రమ్మని నోటితోనే చెప్పింది. మా అత్తగారు వరండాలో మంచం మీద ఉన్నారు. ముప్ఫై దాటకముందే భర్త పోయిన మనిషి. అప్పటి నుంచి ఆవిడ నుదుట విభూతి తప్ప మరొకటి లేదు. ఏ పేరంటానికీ ఆవిడను ఎవరూ పిలిచి ఎరగరు.

"నోటితో పిలిస్తే వచ్చేది పాలవాడు. నీ భరిణె ఏదే?" అన్నారు.

"ఇంట్ల ఉన్నది పెద్దమ్మా. ఇంక నా చేతికి ఆ పని లేదు."

"పట్టుకురా. ముందు నాకు పెట్టు. ఇద్దరం మొగుడు పోయినవాళ్ళమే, ఎవరికి అరిష్టం?"

అనసూయమ్మ భరిణె తెచ్చింది. వంగిన ఆ చెయ్యి సగంలోనే ఆగితే మా అత్తగారే మొహం ముందుకు పెట్టారు. బొట్టు కొంచెం పక్కకు పడింది. ఆవిడ అద్దం అడగలేదు. కర్ర తీసుకుని, "పద, నేనూ వస్తాను" అని మెట్లు దిగారు. నేను వెనకాలే వెళ్ళాను.

అందరూ ఒప్పుకున్నారని రాస్తే అబద్ధమవుతుంది. ఒక ఇంట్లో తలుపు వేసుకున్నారు. చాలామంది నుదురు ఇవ్వలేక, అరచెయ్యి చాచి, "ఇందులో వెయ్యి, నేను పెట్టుకుంటాలే" అన్నారు. అలా అన్న ప్రతి చేతిలోనూ ఆమె చిటికెడు కుంకుమ వేసింది. బయటికి వచ్చాక మా అత్తగారు కోపంతో గొణుగుతుంటే, "చెయ్యి చాపిండ్రు గద పెద్దమ్మా, ఇయ్యాల్టికి అది చాలు" అంది. మర్నాడు ఆ చేతుల వాళ్ళు కూడా బడి గేటు ముందుకు వచ్చి కూర్చున్నారు. గేటు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆడవాళ్ళే. సామాన్లకు వచ్చిన లారీ వెనక్కి తిరిగింది. బడి ఆ ఏడాది నడిచింది.

ఈ జనవరిలో మా అత్తగారు కాలం చేశారు. అనసూయమ్మ మా ఇంట్లో నేల మీద కూర్చుని, తన తల్లి పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదని చెప్పింది.

ఈ జూన్‌లో మళ్ళీ బడి ఎత్తివేత మాట వచ్చింది. సోమవారం లారీ వస్తుందని కబురు. ఆదివారం పొద్దున్నే అనసూయమ్మ ఒంటరిగా భరిణెతో బయలుదేరింది. ఈసారి అరచెయ్యి చాచినవాళ్ళు తక్కువ, నుదురు ఇచ్చినవాళ్ళే ఎక్కువ. గిర్ని నుంచి బడి మలుపు వరకు ఇళ్ళన్నీ పూర్తిచేసేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. అప్పుడే మా ఇంట్లో మజ్జిగ తాగింది. మలుపు అవతల, అశోక్‌నగర్ వైపు ఇళ్ళు మిగిలాయి. నేను చెప్పి వస్తానన్నాను. "నువ్వు చెప్తే వార్త అయితది అక్కా, పిలుపు గాదు. చల్లబడ్డంక నేనే పోత" అని నవ్వింది. చల్లబడేలోపే ఛాతీలో నొప్పి వచ్చింది.

అధికారులతో వాదించగలవాళ్ళు మాకు దొరుకుతారు. కాగితాలు రాయగలవాళ్ళు దొరుకుతారు. మన గడపలోకి వచ్చి, మనం రాకపోతే వెలితి అని మనకే అనిపించేలా పిలవగల మనిషి ఇక దొరకదు. ఆ చేతికి, ఆ వంగిన మోచేతికి నా నమస్కారం.

సోమవారం పొద్దున్నే శవయాత్ర బయలుదేరింది. మలుపు అవతలివాళ్ళు కూడా వచ్చి, చివరిచూపు చూసి, స్నానాలకు వెళ్ళిపోయారు. బడి సంగతి వాళ్ళకు చెబుదామని నాకూ, సరోజకూ నోటిదాకా వచ్చింది. చావింట్లో ఎవరినీ దేనికీ పిలవకూడదు. వెళ్ళొస్తామని కూడా అనకూడదు. ఊరుకున్నాం. మా సందులో ఆడవాళ్ళు మలుపు వరకే సాగనంపుతారు. పాడె మలుపు తిరిగింది. మగవాళ్ళు ముందుకు సాగారు. మేము ఇళ్ళకు వెళ్ళి తలస్నానాలు చేయాలి. ఎవరమూ వెళ్ళలేదు. మైల బట్టలతోనే బడి గేటు ముందు కూర్చున్నాం.

లారీ వచ్చేసరికి అవతలి ఇళ్ళవాళ్ళు తడి తలలతో గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ నా దగ్గరదాకా వచ్చి, "మాకెవరూ చెప్పలే అక్కా. పిలుపు లేకుంట ఎట్ల కూసుంటం?" అని మెల్లగా అంది. "నిన్న సాయంత్రం వచ్చేదమ్మా" అన్నాను.

గేటుకు రెండు రెక్కలు. మేము ఒక రెక్కకే సరిపోయాం. రెండో రెక్క తెరిచి లారీని లోపలికి తీసుకువెళ్ళారు.