పంటి గాటు లేని పుల్ల

"పొగ మేడం పోయినారు భాయ్. గుండెపోటు," అని ఆత్మకూరు ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. నేను ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కుకునేవాణ్ణి. ఆ మాట విన్నప్పుడు నా నోట్లో బీడీ ఉంది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఆవిడ ఆ ఆసుపత్రిలో పొగ అలవాటు మాన్పించే కౌన్సెలర్. పొగంటే గిట్టని మనిషికి పొగ మేడం అని పేరు పెట్టింది మేమే. దగ్గుకు మందు రాయించుకుందామని వెళితే డాక్టరు నన్ను ఆవిడ గదికి పంపాడు. ఉపన్యాసం తప్పదనుకున్నాను. "రోజూ మొదటి బీడీ ఎప్పుడు భాయ్?" అని మాత్రం అడిగింది. నికోటిన్ చూయింగ్ గమ్ ఇచ్చి, కాస్త నమిలి దవడకు పెట్టుకోమంది. ఊరిన రసం గబగబా మింగితే ఎక్కిళ్ళొస్తాయని కూడా చెప్పింది. మింగాను. వచ్చాయి.

వారానికోసారి ఫోన్ చేసేది. ఒకసారి మా ఆవిడ ఎత్తింది. "మీ ఆయన తాగుతుండాడా అమ్మా?" అని అడిగితే, "మా ఇంట్లో సారా ముట్టేవాళ్ళు ఎవురూ లేరు, ఏమనుకుంటుండావు!" అని కస్సుమంది. సంగతి తెలిశాక ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

"చెయ్యి ఖాళీగా ఉంటే బీడీయే వచ్చి కూర్చుంటాది. నీకు పనితనం ఉండాది గదా, బీడీ అంత పుల్లలు చెక్కియ్యి భాయ్," అంది మేడం ఒకరోజు. డబ్బా నిండా చెక్కిచ్చాను. మానాలనుకున్నవాళ్ళకు తలా ఒకటి. తాగాలనిపిస్తే వేళ్ళ మధ్య పెట్టుకోవాలి, కొరుక్కోవాలి. ఆర్నెల్లు బీడీ ముట్టకపోతే ఆ పుల్ల తెచ్చి ఆవిడ బల్లమీది గాజు సీసాలో వెయ్యాలి. కలిగిరి డ్రైవర్లు, సంగం కూలీలు వేసిన పుల్లలన్నీ ఎలుకలు కొట్టినట్టు ఉండేవి.

నావల్ల కాలేదు. మూడుసార్లు మాని మూడుసార్లూ మొదలుపెట్టాను. ఊరందరికీ పుల్లలు చెక్కినవాడే ఓడిపోయాడంటే ఎంత నామోషీ! కొత్త పుల్ల ఒకటి చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, ఆర్నెల్లుగా మానేశానని, ఇదే నా పుల్లని పట్టుకెళ్ళాను.

ఆవిడ దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. "శానా నున్నగా ఉండాదే భాయ్."

"నాకు కొరికే అలవాటు లేదు మేడం."

"సరే. ఎప్పుడైనా రా. తాగినా రా. తాగినోళ్ళకే గదా నేను ఉండేది."

అందరితోనూ అనే మాటే. ఆ రోజు మాత్రం నాకు గుచ్చుకుంది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు, ఫోన్ చేసినా ఎత్తలేదు. ఎత్తితే అబద్ధం బయటపడుతుందని భయం. ఇప్పుడా ఫోన్లు గుర్తొస్తే అన్నం సయించడం లేదు.

చివరి చూపు చూసి వస్తూ ఆసుపత్రి దగ్గర ఆగాను. సీసాలోంచి నా పుల్ల తీసేద్దామని వెతికాను. లేదు. నర్సమ్మ సొరుగులోంచి మందుల కవరొకటి తీసి నా చేతిలో పెట్టింది. "నీదే. సీసాలో వెయ్యనియ్యలా మేడం," అంది. కవరు మీద ఆవిడ రాత: "గరిటెల భాయ్‌ది. ఇంకా కాలా. వస్తాడు."

అబద్ధం ఆ రోజే తెలిసిపోయింది. అయినా నా కోసం ఎదురుచూసింది. నేనే వెళ్ళలేదు.

ఉదయగిరి బస్సెక్కాను. జేబులో బీడీ కట్ట అట్లాగే ఉంది. మానేశానని మీకు చెప్పను, ఆ మాట ఒకసారి చెప్పి చెడిపోయాను. బస్సు దిగేసరికి నున్నటి ఆ పుల్ల మీద రెండు పంటి గాట్లున్నాయి.