తూముకి కట్టని ఎర్రగుడ్డ

ఆటో మీద మైకు కట్టి ఊరంతా తిప్పుతున్నారు. అందులోంచి వచ్చేది మా బావగారి గొంతు. బావగారంటే మా ఆయన అన్నగారు. ఊరికి సర్పంచ్ ఆయనే, మా వైపు ప్రెసిడెంటుగారని పిలుస్తారు. "మన ఊళ్ళో ఒక్క కరోనా కేసు కూడా లేదండీ. అక్కడక్కడా వస్తున్నవి ఎండ జ్వరాలండీ. ఎవరూ గాభరా పడకండి. ఎవరి పనులు వాళ్ళు చేసుకోండి."

నేను వంటింట్లో చలిమిడికి పాకం పడుతూ విన్నాను. విని హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది నాకు.

అది కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం. మాది కలిదిండి దాటాక కొల్లేటి వైపున్న ఊరు. గుమ్మం దిగితే రోడ్డు, రోడ్డు దాటితే చేపల చెరువులు. తాడేపల్లిగూడెంలో ఇచ్చిన మా అమ్మాయి తొలి కాన్పుకి వచ్చి ఇంట్లో ఉంది. తొమ్మిదో నెల. అల్లుడు అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. కర్ఫ్యూలో రాలేక రోజూ ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, బయటివాళ్ళని రానివ్వకండి" అని ప్రాధేయపడేవాడు. నేను రానివ్వలేదు కూడా. గేటు దగ్గర బకెట్టుతో నీళ్ళు, సబ్బు పెట్టాను. పాలు పోసే ఆయన్నే గేటు బయట ఆపేశాను. ఈవిడగారొక్కతే కడుపుతో ఉన్న కూతుర్ని కన్నదా అని ఊళ్ళో సణుక్కున్నారు. సణుక్కోనీ.

కానీ పిల్లకి గాజులు తొడగాలి కదా. ప్రెసిడెంటే మైకులో లేదు లేదంటుంటే నలుగురు ముత్తైదువుల్ని పిలవడానికి భయమేమిటే అన్నారు మా ఆయన. వాళ్ళ అన్నగారి మాటంటే ఆయనకి వేదం. సరేనన్నాను.

వచ్చినవాళ్ళలో మా చెరువు గట్టు మీద చేపలు ఏరి ట్రేలలో సర్దే ఆవిడ ఉంది. మా అమ్మాయిని చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆవిడ భర్త చెరువుల్లో వల లాగే ముఠాకి మేస్త్రీ. "మా ఆయనకి ఒళ్ళు వెచ్చగా ఉందండీ. ఎండ జ్వరమేనంట, ప్రెసిడెంటుగారు చెప్పారు, మాత్రలు కూడా పంపించారు" అంటూ వచ్చి కూర్చుంది. కైకలూరు నుంచి తెప్పించిన పచ్చగాజులు పట్టుకొచ్చింది. అమ్మాయి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అరచెయ్యి మెల్లగా నొక్కుతూ, నొప్పి తెలియకుండా ఒక్కొక్కటే ఎక్కించింది. బుగ్గలు పుణికింది. చలిమిడి ముద్ద తన చేత్తోనే నోట్లో పెట్టింది.

రానిదల్లా మా తోటికోడలు, అంటే బావగారి భార్య. గోడకి అవతలే ఇల్లు. తలనొప్పి అని కబురంపింది. కోడల్ని కూడా పంపలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. సొంత మనుషులు రాని పేరంటం ఏం పేరంటమని మూతి ముడుచుకుని ఆ గోడ వైపే చూడలేదు కొన్నాళ్ళు.

అంతలోనే మేస్త్రీ పోయాడు. తెల్లారేసరికి ఊపిరందక కొట్టుకుని పోయాడు. గుండెపోటన్నారు. నలభై నిండని మనిషి, రోజంతా పీకల్లోతు నీళ్ళలో వల లాగే మనిషికి గుండెపోటేమిటి అనుకున్నాను గానీ నా మాట నాలోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం మా తోటికోడలు పిట్టగోడ దగ్గరికొచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని పిలిచింది. "చెల్లీ, అమ్మాయిని గదిలోంచి రానీకు. ఆ ఇంటివాళ్ళని గడప తొక్కనీకు. అతనిది కరోనాయేనే. టెస్టుకిచ్చేటప్పుడు తన దగ్గర ఫోన్ లేదని మీ బావగారి నంబరిచ్చాడంట. ఉందని మెసేజ్ ఈయనకే వచ్చింది."

"ఎప్పుడొచ్చింది?"

ఆవిడ నీళ్ళు నమిలింది. "పేరంటానికి ముందే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ముందే చెబితే నీ సొమ్మేం పోయిందక్కా?" అని అరిచాను. ఆవిడ ఏడ్చేసింది. పేరంటానికి వెళ్ళొద్దు, కోడల్ని పంపొద్దు అని మాత్రమే బావగారు చెప్పారట. ఎందుకో ఇవాళ చెప్పారట. "మీకెందుకు చెప్పలేదంటే, నీ నోరు ఆగదన్నారు" అంది.

నిజమే. నా నోరు ఆగదు. ఆగకూడదు కూడా.

ఎందుకు దాచారో నాకెవరూ చెప్పక్కర్లేదు. చేపల చెరువులవాళ్ళ ఇంటి కోడల్ని. ఊళ్ళో పెద్ద చెరువులన్నీ పట్టుబడికొచ్చి, చేప పట్టి అమ్మే అదను మీద ఉన్నాయి. కేసు ఉందని తేలితే రోడ్డుకడ్డంగా కర్రలు కడతారు, బెంగాల్ పోయే లారీ ఊళ్ళోకి రాదు. మా దగ్గర చెరువులో తెగులు కనబడితే కొనే సేటు చెవిన పడనివ్వరు. కాటా పూర్తయ్యేదాకా అందరూ నవ్వుతూ టీలు తాగుతూ తిరుగుతారు. ఇది తప్పని ఎవరూ అనుకోరు, సేటుకీ తెలుసు.

కానీ మా దగ్గరే ఇంకో పద్ధతీ ఉంది. తెగులు పడిన చెరువు తూము దగ్గర కర్ర పాతి ఎర్రగుడ్డ కడతారు. దిగువ చెరువులవాళ్ళు అది చూసి, బోదె కాలవలోంచి నీళ్ళు తోడకుండా ఇంజన్లు ఆపుకుంటారు. కొనేవాడికి దాచినా పక్క చెరువువాడికి దాచకూడదు. ఈ విషయంలో మా బావగారంత కచ్చితమైన మనిషి లేరు. ఒకసారి ఆయన చెరువుకే తెగులొస్తే, కుండపోత వానలో వెళ్ళి గుడ్డ కట్టి, అది వానకి కనబడదేమోనని గొడుగేసుకుని గట్టు మీదే కూర్చున్నారు. ఊరు ఆయన్ని ప్రెసిడెంటుని చేసింది అందుకే.

మేస్త్రీని సాగనంపిన మర్నాడే మా అమ్మాయికి జ్వరమొచ్చింది. ముందు ఒళ్ళు నొప్పులంది. తర్వాత మెట్టు దిగితే ఆయాసం. వేలికి పెట్టే క్లిప్పులో అంకె దిగుతూ ఉంది. తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ చాలకపోతే చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది, తేలడమంటాం. నా పిల్ల మంచం మీద కూర్చుని, పొట్ట పట్టుకుని, అలాగే నోరు తెరిచింది. అంబులెన్సు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

బావగారే కారు తీశారు. ఆ మాట దాచను. డ్రైవరు రానంటే తనే స్టీరింగ్ పట్టుకున్నారు. కొల్లేటి మీదుగా ఏలూరు. ముందు సీట్లో మా ఆయన, వెనక నా భుజం మీద అమ్మాయి. బావగారు రెండు మాస్కులు వేసుకున్నారు. వాటి తాళ్ళు ఆయన మెడ మీద ముడి వేసి ఉన్నాయి. దారంతా ఆ ముడే చూస్తూ కూర్చున్నాను. నీకు రెండు మాస్కులు, నా పిల్లకి గాజుల పేరంటమా అని గొంతు దాకా వచ్చింది. అమ్మాయి ఊపిరి లెక్క తప్పుతుందేమోనని మింగేశాను.

ఏలూరు ఆసుపత్రి వాకిట్లో మంచాలు, మంచాల మధ్య మనుషులు. నిలువునా ప్లాస్టిక్ తొడుక్కున్న డాక్టరమ్మ ఒకావిడ గబగబా వచ్చి అమ్మాయిని చూసింది. కుడి చేతి వైపు కాన్పుల వార్డు, ఎడమ వైపు ఆక్సిజన్ ఉన్న కరోనా వార్డు. "నెలలు నిండినప్పుడు ఆయాసం మామూలుగానూ వస్తుంది. టెస్టు రావాలంటే టైం పడుతుంది. మీ ఊళ్ళో కేసులున్నాయా? ఈ అమ్మాయి ఎవరినైనా కలిసిందా?" అనడిగింది. మా ముగ్గురిలో పెద్దాయన్నే చూసి అడిగింది.

బావగారు చెప్పారు. "లేవండీ. మా ఊళ్ళో ఒక్క కేసు లేదండీ. నేనే ప్రెసిడెంటుని."

పిల్ల చావుబతుకుల్లో ఉంటే కూడా! ఆలోచించి చెప్పిన మాటలా లేదది. మైకులో చెప్పి చెప్పి నోటికి పట్టేసినట్టుంది. కాన్పుల వార్డుకి తీసుకెళ్ళండి అని డాక్టరమ్మ కుడివైపు చెయ్యి చూపించేసింది.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నేను బావగారి ఎదుటపడి మాట్లాడిందాన్ని కాదు. ఏదున్నా తలుపు చాటు నుంచే. మా ఇళ్ళల్లో అది మర్యాద. ఆ మర్యాదని ఆ ఆసుపత్రి వాకిట్లోనే వదిలేశాను. ఆయన్ని పక్కకి నెట్టి డాక్టరమ్మ ముందు నిలబడ్డాను.

"ఉందండీ! మా ఊళ్ళో ఉంది. మొన్ననే ఒకతను పోయాడు. అతని భార్య మా పిల్ల చేతులు పట్టుకుని గాజులు తొడిగింది, నోట్లో చలిమిడి పెట్టింది. ఈయనకి ముందే తెలుసు. అబద్ధం చెబుతున్నారు!"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. స్ట్రెచర్ని ఎడమ వైపు తిప్పించి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టించింది. తలుపు మూసేముందు నాతో ఒక్క మాటంది. "అటు పంపుంటే అక్కడ నిండు నెలలవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసామ్మా?"

ఇంక మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. సైకిల్ స్టాండు రేకుల కింద కూర్చున్నాం. మా ఆయన తలొంచుకుని ఏడుస్తున్నారు. బావగారు నా ఎదుటికొచ్చి నిలబడ్డారు. "అమ్మా, నేను కావాలని చెయ్యలేదమ్మా. నిజం చెబితే జనం బెదిరిపోతారు. భయంతోనే సగం మంది పోతున్నారని టీవీలో చెప్పలేదా? లారీలు ఆగిపోతే ముఠావాళ్ళకి తిండెవరు పెడతారు? పట్టుబడి అయ్యేదాకా ఓపిక పడదామనుకున్నాను."

"చేప ఇంకొన్నాళ్ళు చెరువులో ఉంటే ఏమవుతుందండీ? ఇంకాస్త బరువు పెరుగుతుంది. మనిషలా ఆగుతాడా?"

ఆయన మాస్కు పైకి లాక్కున్నారు.

"వానలో తడుస్తూ ఎర్రగుడ్డ కట్టారు కదండీ మీరు. పక్క చెరువువాడి చేప చావకూడదని. మరి మాకెందుకు కట్టలేదు? మేం మీకు పక్క చెరువువాళ్ళలా కనబడలేదా? బేరానికొచ్చిన సేటులా కనబడ్డామా? ఓట్లేసిన ఊరు మొత్తం మీకు సేటేనా?"

గొంతు పగిలేలా అరిచాను. సైకిళ్ళు తీసుకునేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ. లోపల నా కూతురు, దాని కడుపులో బిడ్డ.

బావగారు ఫోన్ తీసి మైకు ఆటో అతనికి చేశారు. మైకు ఆన్ చేసి ఫోన్ దాని దగ్గర పెట్టమన్నారు. అక్కడి నుంచే మాట్లాడారు. "నేను ప్రెసిడెంటుని మాట్లాడుతున్నానండీ. మన ఊళ్ళో కరోనా ఉంది. మేస్త్రీ పోయింది దానితోనే. నాకు ముందే తెలుసు. మీకు చెప్పలేదు. జ్వరమున్నవాళ్ళు దాచుకోకండి. అతని ఇంటికెళ్ళినవాళ్ళు, వాళ్ళు వచ్చిన ఇళ్ళవాళ్ళు..." అక్కడితో ఆపేశారు. ఫోన్ మా ఆయన చేతికిచ్చేశారు. ఆ పూట ఆయన మీద జాలి పడాలో ఇంకా తిట్టాలో నాకు తెలియలేదు. తిట్టడానికి ఓపిక మిగల్లేదు.

ఊరు బెదిరి పారిపోలేదు. తలుపులేసుకుని కూర్చుంది. ముసుగేసుకుని పడుకున్న జ్వరాలన్నీ బయటపడ్డాయి. కొందరు బతికి బయటపడ్డారు, ఇద్దరు ముసలాళ్ళు దక్కలేదు. లారీలు ఆలస్యంగా వచ్చాయి, అంతే.

మా అమ్మాయికి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. తల్లిని ఇంకా చాలా రోజులు ఆక్సిజన్ మీదే ఉంచారు. ఒక్కోరోజు గాజు తలుపు అవతల చెయ్యి ఊపేది, ఒక్కోరోజు అదీ లేదు. ఆ రోజుల గురించి నేను రాయలేను. ఇద్దరూ నాకు దక్కారు, అది చాలు.

ఇంటికి తీసుకొచ్చిన రోజు కూడా కారు నడిపింది బావగారే. మా గేటు ముందు ఆపేసరికి రోడ్డుకి అవతల, చెరువు గట్టు మీద ఎండలో ఆవిడ నిలబడి ఉంది. మేస్త్రీ భార్య. తన భర్త ఏ రోగంతో పోయాడో ఆవిడ కూడా ఊరందరితో పాటు మైకులోనే విన్నది.

"రావే, ఇంక భయం లేదు" అని పిలిచాను. రానంది. అక్కడి నుంచే చూస్తానంది. అమ్మాయి కారు దిగి, పొత్తిగుడ్డ పక్కకి జరిపి బిడ్డని ఎత్తి చూపించింది. ఎత్తిన చేతికి పచ్చగాజులు గలగలమన్నాయి. నర్సు తీసేయమన్నా అది తీయనివ్వలేదట.

ఆవిడ కళ్ళు బిడ్డ మీద కాక గాజుల మీద పడ్డాయి. తర్వాత బావగారి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. ఆవిడెప్పుడూ పెంచదు.

"మా ఆయన ఎలాగూ పోయేవాడేమో ప్రెసిడెంటుగారూ. దానికి మిమ్మల్నేమీ అననండీ. ఈ చేతులతో ఆ పిల్లకి గాజులు ఎందుకు తొడగనిచ్చారండీ నన్ను?"

బావగారు రెండు చేతులూ జోడించారు. ఆవిడ అది చూడలేదు. రోడ్డు దాటి వచ్చి, మా గేటు దగ్గరున్న బకెట్టు ముందు వంగి, సబ్బు తీసుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. గాజుల్లేని చేతులు మోచేతుల దాకా రుద్దుతోంది. కడిగింది చాల్లేవే అన్నాను. వినిపించుకోలేదు.