గడప లేని గది

2023 ఆగస్టు. వేలూరు బజారుకు ఆనుకొని ఉన్న సందులో, ఒక బట్టల కొట్టు పైన, మొదటి అంతస్తులో అప్పట్లో నా ట్రావెల్ ఆఫీసు ఉండేది. పద్దెనిమిది మెట్లెక్కి రావాలి. మా నాయన పాత్రల అంగడి పెట్టుకొని బతికాడు, నేను టికెట్లు అమ్ముకొని బతుకుతున్నాను. బస్సులు, రైళ్ళు, విమానాలు అన్నీ చూశాక చెన్నై రేవు నుంచి శ్రీలంక వెళ్ళొచ్చే క్రూజ్ ఓడ టికెట్లు అమ్మడం మొదలుపెట్టాను. దాంతోపాటే నాకొక పిచ్చి పట్టుకుంది. అది అప్‌గ్రేడ్ బిడ్ల పిచ్చి.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఓడలో గదిని కేబిన్ అంటారు. అన్నిటికన్నా చవక ఇన్‌సైడ్ కేబిన్. దానికి కిటికీ ఉండదు. దానికి పై మెట్టు కిటికీ ఉన్నది, ఆపైన బాల్కనీ ఉన్నది. ఓడ బయలుదేరడానికి మూడు వారాల ముందు బాల్కనీ గదులు మిగిలి ఉంటే కంపెనీ ఒక మెయిల్ పంపుతుంది. ఇంకెంత ఇవ్వగలరో మీరే చెప్పండి, మాకు నచ్చితే గది మారుస్తాం అంటుంది. అదే బిడ్. మన చీటీ పాట లాంటిదే, కాకపోతే పాడేవాళ్ళు ఒకరికొకరు కనబడరు. మెయిల్లో ఒక మీటరు బొమ్మ ఉంటుంది. మనం పెంచేకొద్దీ దాని ముల్లు ఎరుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి పచ్చకు జరుగుతుంది. పచ్చలో ఉంటే అవకాశం బాగున్నట్టు.

ఆ ముల్లును ఎక్కడ ఆపాలో నాకు బాగా తెలుసని నా గట్టి నమ్మకం. వరసగా ఐదుగురికి గదులు మార్పించాను. ఆంబూరు తోలు వ్యాపారి ఒకాయన సంతోషం పట్టలేక ఆఫీసుకు దబరా నిండా బిరియానీ పంపాడు. అది తిన్న రోజు నుంచి నా కాళ్ళు నేల మీద లేవు.

అలాంటి రోజుల్లో గుడియాత్తం నుంచి మునిరత్నం వచ్చాడు. లుంగీలు నేసే మనిషి, అరవై దాటాయి. మెట్లెక్కిన ఆయాసం తీర్చుకొని కూర్చున్నాడు.

“అప్పా, ఓడలో పోవల్లంటే ఏం చెయ్యల్ల? నాకూ, మా ఇంటామెకూ.”

“ఆమె రాలేదా అన్నా?”

“వచ్చినాది. కింద ఆటోలో ఉండాది. చక్రాల కుర్చీ కదప్పా, మెట్లు ఎట్ల ఎక్కుతాది?”

నేను కిటికీలోంచి తొంగిచూసి దండం పెట్టాను. ఆటోలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగింది. ఆయన భార్య ధనమ్మతో అప్పటికి నా పరిచయం అంతే. దిగి వెళ్ళి ఒక మాట మాట్లాడి రావచ్చు, పద్దెనిమిది మెట్లే. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మునిరత్నం చొక్కా జేబులోంచి ఎర్రనూలు పోగు ఒకటి తీసి బల్ల మీద సాగదీసి పరిచాడు. దానికి రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. “ఈ ముడి నుంచి ఆ ముడికి కుర్చీ వెడల్పు. గది తలుపు ఇంతకన్నా రవంత ఎక్కువే ఉండల్ల. చూసి రాయప్పా.”

ఓడల్లో యాక్సెసిబుల్ కేబిన్ అని కొన్ని ఉంటాయి. తలుపు వెడల్పుగా ఉంటుంది, బాత్రూముకు గడప ఉండదు, గోడకు పట్టుకోవడానికి కడ్డీలు ఉంటాయి. ఓడ మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఇన్‌సైడ్ రకంలో ఒకటి ఖాళీగా దొరికింది. బుక్ చేశాను. ఆ పోగును సొరుగులో పడేశాను. పని అయిపోయిందనుకున్నాను.

మూడు వారాల ముందు మామూలుగానే బిడ్ మెయిల్ వచ్చింది. నా చేతులు ఊరుకోలేదు. మునిరత్నానికి ఫోన్ చేసి, “అన్నా, బాల్కనీ గదికి ప్రయత్నం చేద్దామా? మంచం మీద పడుకొనే సముద్రం చూడొచ్చు” అన్నాను. “ఇంట్లో అడిగి చెప్తానప్పా” అన్నాడు. ఆయన అడిగేదాకా కూడా ఆగలేదు నేను. నా కార్డుతోనే, నా డబ్బుతోనే, ముల్లును పచ్చలోకి తోసి బిడ్ వేసేశాను. నియమాల పేజీ కింద ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట టిక్కు కొట్టాను. చదివి కాదు.

అందులో సగం దయే, అబద్ధం చెప్పను. మిగతా సగం వ్యాపారం. గుడియాత్తం నేతగాళ్ళ వీధి నుంచి ఓడెక్కే మొదటి జంట వాళ్ళు. బాల్కనీలో కూర్చుని వాళ్ళు తీయించుకున్న ఫొటో ఆ వీధిలో తిరిగితే నాకు ఇంకో పదిమంది వస్తారు. పైగా పెద్ద గది అయితే కుర్చీకి ఇంకా సుఖమే కదా అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున కాగితాలు ఇచ్చే నెపంతో బండి మీద గుడియాత్తం బయలుదేరాను. నేనే చెప్పి వాళ్ళ మొహాలు చూడాలని నా ముచ్చట. ఆదివారమైనా వీధిలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. మునిరత్నం ఇంటి ముందు బండి ఆపి, చెప్పులు విడిచి, అలవాటుగా కాలెత్తి లోపలికి వెయ్యబోయాను. కాలు తేలిపోయింది. గుమ్మానికి గడప లేదు.

కోసేసి నేలతో సమానం చేశారు. గడప ఉండాల్సిన చోట సిమెంటు మీద అడ్డంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. తెలుగిళ్ళల్లో గడపను ఎట్లా చూసుకుంటారో నాకు తెలుసు. మా అమ్మయితే దాని మీద కాలు పెట్టిన వాళ్ళను ఊరికే వదిలేది కాదు.

నేను అక్కడే నిలబడిపోయి చూస్తుంటే లోపలి నుంచి ధనమ్మ నవ్వింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఎత్తు బల్ల మీద రాట్నం పెట్టుకొని కండెలకు నూలు చుడుతోంది. “గడప కోసేస్తే లచ్చిమి పోతాదని వీధంతా అన్నారప్పా. నేనే దాటలేని ఇంట్లో లచ్చిమి ఒకతే కూర్చొని ఏం చేస్తాది? లోపలికి రా.”

ఆమెకు ఎనిమిదేళ్ళ కిందట వెన్నులో గడ్డ లేచింది. వేలూరులో ఆపరేషన్ జరిగింది. ప్రాణం నిలిచింది, కాళ్ళు రాలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆమె కండెలు చుట్టడం ఆపలేదు, వీధిలో ఆడవాళ్ళ చీటీ నడపడం ఆపలేదు. ఓడ టికెట్టు కూడా ఆమె చీటీ డబ్బే.

నేను గొప్పగా ఫోన్ తీసి బాల్కనీ గది వీడియో చూపించాను. ఆమె చేతులు రాట్నం మీద ఆగిపోయాయి. తెల్లటి దుప్పటి, అద్దాల తలుపు, దాని అవతల నీలంగా నీళ్ళు. చాలాసేపు చూసింది. ఆమెకు అది నచ్చింది. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

“ఇంకోతూరి పెట్టప్పా,” అంది. మళ్ళీ పెట్టాను. మధ్యలో వేలు పెట్టి ఆపింది. “ఇది బాత్రూమే కదా? కింద ఇది గడప కదా?”

చూశాను. జానెడు లేకపోయినా నాలుగైదు వేళ్ళ ఎత్తు ఉంటుంది. ఓడ ఊగినప్పుడు నీళ్ళు బయటికి రాకుండా కట్టేది. బాల్కనీ తలుపు కింద కూడా అట్లాంటిదే ఇంకొకటి.

“పనివాళ్ళు ఉంటారక్కా. ఇద్దరు పట్టుకొని దాటిస్తారు,” అన్నాను.

ధనమ్మ ఫోన్ నా చేతికిచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. “ఆస్పత్రిలో ఆరు నెలలు నేర్పినారప్పా నాకు. కుర్చీలో నుంచి పీట మీదికి, పీట మీద నుంచి కుర్చీలోకి. ఎన్నిసార్లు పడినానో. నేర్చుకొని ఇంటికి వచ్చినంక ఇంతవరకు నన్ను ఎవురూ ఎత్తి బాత్రూముకు తీసకపోలేదు. మా ఆయన కూడా. ఇప్పుడు దుడ్డిచ్చి ఓడెక్కి మోయించుకోవల్లనా?”

బిడ్ వేసిన సంగతి ఇంకా చెప్పనే లేదు. చెప్పాను. ముల్లు పచ్చలో ఉందని కూడా చెప్పాను, అదేదో నా తప్పును తగ్గిస్తుందన్నట్టు.

“ఆ ముల్లు ఎవురిది?” అంది.

“కంపెనీదే.”

“అమ్మేవాడు పెట్టిన ముల్లు ఎప్పుడు చాలంటాది అప్పా? అది పోనీలే. నేను పన్నెండేండ్లుగా చీటీ నడిపిస్తా ఉండాను. పాడే మనిషి ఎదురుగా కూర్చోకుండా ఎవురి పేరు మీదా పాట ఒప్పుకోలేదు. నువ్వు నన్ను చూడను కూడా చూడలేదు, నా పేరు మీద పాడేసినావే.”

ఇరవై ఏళ్ళకు పైబడిన పనిలో నన్ను తిట్టిన వాళ్ళు చాలామంది ఉన్నారు. రైలు తప్పితే తిట్టారు, వీసా రాకపోతే తిట్టారు. ఏదీ ఇంతగా తగల్లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మునిరత్నం నా పరిస్థితి చూసి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అక్కడే కూర్చుని నియమాల పేజీ తీసి మొదటిసారి చదివాను. గది మారితే యాక్సెసిబుల్ వసతులు ఉంటాయని హామీ లేదట. బిడ్‌ను కంపెనీ ఏ నిమిషమైనా ఒప్పుకోవచ్చట. ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం కుదరదట. పాత గది వెంటనే ఇంకొకరికి పోతుంది. అంటే ఇప్పుడే ఫోన్‌కు బిడ్ గెలిచారన్న అభినందనల మెసేజ్ వస్తే, ఓడలో ధనమ్మ నాలుగు రోజులు పక్కవాళ్ళ చేతుల మీద బతకాలి, లేదా ప్రయాణమే మానుకోవాలి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఏజెంటు వేసిన బిడ్ ఏజెంటు లాగిన్ నుంచే తీయాలన్నారు. ఆ లాగిన్ నా ఆఫీసు కంప్యూటర్లో తప్ప తెరుచుకోదు. లేచాను.

“సముద్రం గదిలో నుంచి కనబడదు కదక్కా,” అన్నాను గుమ్మం దగ్గర, ఏదో ఒకటి అనాలని.

“అది నా గదిలోకి ఎందుకు రావల్ల? నేనే పోతా దాని కాడికి. మా గది నుంచి లిఫ్టు ఎంత దూరమో, పైన తలుపుకు గడప ఉండాదో లేదో, అది కనుక్కొని చెప్పు. నీ పని అది.”

గుడియాత్తం నుంచి వేలూరుకు ఆ రోజు బండి ఎట్లా నడిపానో నాకే తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా జేబులో ఫోన్ తీసి చూడ్డం, మెసేజ్ లేదని ఊపిరి వదలడం. ఇన్నాళ్ళూ నా బిడ్ గెలవాలని మొక్కుకున్నవాణ్ణి, ఓడిపోవాలని మొక్కుకుంటూ వచ్చాను. పద్దెనిమిది మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. కంప్యూటరు తెరుచుకోవడానికి అంతసేపు పడుతుందని ఆ రోజే తెలిసింది. తెర మీద ‘పరిశీలనలో ఉంది’ అని కనబడింది. రద్దు బటన్ నొక్కాను. బిడ్ ఉపసంహరించినట్టు మెయిల్ వచ్చాక ధనమ్మకు ఫోన్ చేశాను.

“సరేప్పా. అన్నం తిన్నావా?” అంది.

తినలేదు. సొరుగు లాగి ఎర్రపోగు బయటికి తీశాను. ఆ మధ్యాహ్నం కూర్చుని ఓడ డెక్ ప్లాన్, అంటే అంతస్తుల పటం, మొత్తం వెతికాను. అనుమానం వచ్చిన ప్రతి తలుపు కొలతా కంపెనీకి రాసి అడిగాను. గది నుంచి లిఫ్టుకు పదకొండు అడుగులు. పై డెక్ మీద నాలుగు తలుపులుంటే మూడింటికి గడపలు, ఒకదానికి వాలు. ఆ ఒక్క తలుపు ఎటు పక్క ఉందో తమిళంలో పెద్ద అక్షరాలతో రాసి పంపాను. ధనమ్మ మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం తమిళమే. ఒక మనిషి కోసం ఒక ఓడను అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదటిసారి.

ఆ ఏడాది చివర్లో ఆఫీసును అదే సందులో ఇంకో కట్టడం కింది అంతస్తుకు మార్చాను. అద్దె ఎక్కువ, గది చిన్నది. వడ్రంగిని పిలిచి గడప తీయించాను. మా అమ్మ వచ్చి చూసి రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే వచ్చి నేల మీద పసుపు రాసి వెళ్ళింది. బిడ్లు ఇప్పటికీ వేస్తాను, బాగానే వేస్తాను. కానీ వెళ్ళే మనిషి నా ఎదురుగా కూర్చుని, అక్కడ తను ఏం చెయ్యాలనుకుంటున్నారో తన నోటితో చెప్పేదాకా మెయిల్ తెరవను.

కొత్త ఆఫీసుకు ధనమ్మ వాళ్ళు వచ్చారు. కుర్చీని ఎవరూ తొయ్యలేదు. తనే చక్రాలు తిప్పుకొంటూ ముందు వచ్చింది, వెనక మునిరత్నం. ఓడ ఎట్లా ఉందని అడిగితే ఆయన ఫిర్యాదు మొదలుపెట్టాడు.

“రెండో దినం తెల్లారి లేచి చూస్తే ఈమె లేదప్పా. కుర్చీ లేదు. బాత్రూములో లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గదుల ముందర పొడుగు వసారాలో ఈ కొసకు ఆ కొసకు పరిగెత్తినా. కనబడినోళ్ళనంతా అడిగినా. చివరికి పైన సముద్రం కాడ, కమ్మీ పక్కన, ఎవురితోనో కతలు చెప్పుకొంటా టీ తాగతా ఉండాది. చెప్పకుండా యాడికి పోయినావని అరిచినా.”

“ఆమె ఏమన్నారు?”

మునిరత్నం ఆమె వైపు చూశాడు. ధనమ్మ నా బల్ల మీద పడి ఉన్న ఎర్రపోగును వేలికి చుట్టుకుంటోంది.

“నేను చెప్పకుండా పోయి ఎనిమిదేండ్లాయ కదా, అన్నాను,” అంది.