లింబాద్రి సారు చేతికి డప్పు ఇచ్చిన నాడు

ముందే చెప్తున్న, మా బడి నిలబడ్డది. ఒకటో తరగతి గది నిండింది. గెలుపు మాదే! కాని ఎట్ల నిండిందో వింటె తాగే చాయ్ ముక్కులకెళ్లి వస్తది. గ్లాసు కింద పెట్టి వినుండ్రి.

మాది కోటగిరి దిక్కు కాలువ కింది ఊరు. బడిల ముగ్గురం. నేను ఇన్‌చార్జి హెడ్మాస్టర్ని. లెక్కల లింబాద్రి సారు బోధన్ నుంచి బైకు మీద వస్తడు. మాటను తూకమేసి గాని బయటికి తియ్యడు. సత్యవతి మేడం పక్కనున్న ఆంధ్రోళ్ల క్యాంపు నుంచి, అంటె అటు నుంచి వచ్చి కాలువ కింద సేద్యం పెట్టుకున్నోళ్ల ఊరి నుంచి వస్తది. ఆమె మాట్లాడుతుంటె కాలువ నీళ్లు గూడ ఆగి వింటయి.

ఈ జూన్‌ల మాకు గండం వచ్చింది. ఓ ప్రైవేటు బడి బస్సు ఊరి మూల దాక రావట్టింది. మా ఒకటో తరగతిల ఒక్క పిల్ల చేరలే. మండల ఆఫీసు సారు ఫోన్ చేసి, "శుక్రవారం నేనే వస్త. అప్పటికి గూడ ఒకటో తరగతి ఖాళీగ ఉంటె, మీ బడిని పక్కూరి బడిల కలుపుడే" అన్నడు. కలిపితె మా చిన్న చిన్న పిల్లలు వానలల్ల కాలువ కట్ట మీద నడిచి పోవాలె. నాకు అన్నం సయించలే.

గదే వారం నిజామాబాద్‌ల మాకు ట్రైనింగు. టాపిక్ ఏందో తెలుసా? టాలెంట్ మేనేజ్‌మెంట్! కోటు వేసుకున్న ఒకాయన చక్కగ చెప్పిండు. "సంస్థ అంటే బిల్డింగ్ కాదు, మనుషులు. ఎవరిలో ఏ ప్రతిభ ఉందో చూసి, తగిన పనిలో పెట్టండి. బయట వెతకొద్దు, మీలోనే ఉంటుంది." ఆయన మాటల తప్పు లేదు. 'చూసి' అన్నది నేను విడిచిపెట్టి, 'పెట్టండి' అన్నదొక్కటే పట్టుకున్న. తిరుగు బస్సులనే డ్యూటీలు పంచేసిన!

తెల్లారి స్టాఫ్ మీటింగ్ పెట్టిన.

"మేడం, మీ రాత ముత్యాల లెక్క ఉంటది. మీరు ఆఫీసుల కూసొని అడ్మిషన్ ఫారాలు రాయుండ్రి."

"అదేంటండీ! ఏటా బడిబాటలో ఇల్లిల్లూ తిరిగి మాట్లాడేది నేనేగా?"

"మాటలు ఎవలన్న మాట్లాడుతరు మేడం. రాత అందరికి రాదు."

ఆమె నన్ను చూసిన చూపుకు పచ్చి చెరుకు ఎండిపోవాలె.

"లింబాద్రి సారూ, బడిబాట ర్యాలీల డప్పు మీరు కొట్టాలె."

"నేనా?"

"తాళం అంటె ఏంది సార్? లెక్క! లెక్కల గోల్డ్ మెడల్ ఎవలది? మీది!"

ఏటా మా ర్యాలీకి సాయిలన్న డప్పు కొడతడు. బయట వెతకొద్దన్నరు గద! అందుకే సాయిలన్నను పిలవలే, డప్పు మాత్రం అడుక్కొచ్చిన. "డప్పుతోని కొట్టెటోడు గూడ గావాలె గద సారూ" అని నవ్వుకుంట ఇచ్చిండు. నాకు అర్థం కాలే.

ఇగ నా టాలెంట్? కతలు చెప్పుడు. బడి కాడ తల్లిదండ్రులకు నీతికథతోని స్పీచ్ నాది.

శుక్రవారం పొద్దుగాలనే ర్యాలీని పంపిన. ముందు లింబాద్రి సారు, వెనక పిల్లలు ఇద్దరిద్దరు వరుసల. నినాదాలు చెప్పిచ్చే మేడం ఆఫీసుల ఉండె, అందుకని ఎవ్వలు నోరు తెరవలే. చేతులల్ల బంతిపూల రెక్కలు. తొవ్వ పొడుగునా చల్లమన్నది నేనే. స్వాగతం అన్నట్టు!

నేను వరండాల సరస్వతి పటానికి అగరొత్తులు ముట్టిచ్చి, స్పీచ్ నెమరేసుకుంట బెంచీ మీద నడుము వాల్చిన. ఈగలు ముసురుతుంటె మొఖం మీద తువ్వాల కప్పుకున్న. కొత్త పిల్లలకు వేసే బంతిపూల దండలు మేకలు తినకుంట పొట్ట మీద పెట్టుకున్న. గాలి చల్లగ వచ్చింది. కన్ను మూతపడ్డది.

ఊర్ల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. బోధన్‌ల లింబాద్రి సారు కిరాయి ఇల్లు శ్మశానానికి పోయే తొవ్వల ఉన్నది. రోజూ ఇంటి ముందల నుంచి పోయే దెబ్బనే ఆయన శ్రద్ధగ నేర్చుకున్నడు. చావు డప్పు! ఒక్క దెబ్బ తప్పకుంట కొట్టిండట.

మొదటి ఇంటి రాజవ్వ వాకిట్లకు ఉరికొచ్చి, "ఎవలు పోయిండ్రే?" అని అడిగితె సారు పలుకలే. దెబ్బలు లెక్కపెట్టుకుంటుండె గద! వెనకున్న పిల్ల బుద్ధిగ, "హెడ్మాస్టర్ సారు కాడికి పోతున్నం అవ్వా" అన్నది.

అంతే! నారుమడి కాడోళ్లు, చెరుకుల కలుపు తీసెటోళ్లు, బస్సు కోసం నిలబడ్డ తల్లులు, అందరు ర్యాలీ వెంట వచ్చిండ్రు.

ఏడుపులకు మెలకువ వచ్చింది నాకు.

"అయ్యో సారూ! నిన్న గూడ మా ఇంటి ముందల నిలబడి మాట్లాడిండే!"

నా గురించేనని తెలిసింది. లేవాలె గద? ఇంక జరసేపు విందామనిపించింది! బతికుండంగ ఎవలంటరు గివన్ని?

గంగారాం గొంతు వినవడ్డది. బస్సు బడికి బిడ్డను రాయిచ్చింది ఆయనే. "పిల్లను పంపుమని ఎంత బతిలాడిండే సారు! పంపుత అంటె ఏం పోతుండె? సారు మీద ఒట్టు, నా బిడ్డ గీ బడికే వస్తది!"

లోపల్నే పొంగిపోయిన. అంతల్నే రాజవ్వ ముక్కు చీది, "మంచోడే గని, కత మొదలువెడితె పొద్దుగూకేది" అన్నది.

రోషం ఆగుతదా? తువ్వాల తీసి లేచి కూసున్న. "పొద్దుగూకేదాక ఎప్పుడు చెప్పిన అవ్వా?"

"దయ్యమే!" రాజవ్వ చేతిల చెంబు నా మీదికే వచ్చింది. సగం ఊరు గేటు దిక్కు ఉరికింది. ఇంత లొల్లిల గూడ లింబాద్రి సారు కొడుతనే ఉన్నడు!

గప్పుడు ఆఫీసు తలుపు ధడాలున తెరుచుకున్నది. సత్యవతి మేడం! పొద్దటి నుంచి ఆపుకున్న మాటలన్ని ఒక్కసారి.

"ఆగండి! ఎక్కడికి పోతున్నారు? గంగారాం గారూ, ఒట్టేశారుగా, రండి, సంతకం పెట్టండి!"

"గది... సారు సచ్చిండనుకొని అన్న మేడం!"

"బాగుందండీ! చచ్చినాయనకిచ్చిన మాట బతికినాయనకి చెల్లదా?"

జనం గొల్లున నవ్విండ్రు. నవ్విన మనిషి పారిపోడు గద! గంగారాం తల గోక్కుంట వచ్చి సంతకం పెట్టిండు. ఇగ ఒక్కొక్క తల్లిని మేడం పేరు పెట్టి పిలిచింది. డప్పు పక్కకు పెట్టిన లింబాద్రి సారు ఫారాల ముంగట కూసున్నడు. పుట్టిన తారీకు చెప్తె చాలు, వయసు నోటిలెక్కనే చెప్తుండె. ఆయన మొఖంల గంత వెలుగు నేనెన్నడు చూడలే.

మండల ఆఫీసు సారు తొవ్వల నా సావు కబురు విని వచ్చి, జనాన్ని, పూలను చూసి గేటు కాన్నే చెప్పులు విడిచిండు. లోపల నన్ను చూసి ఉలిక్కిపడ్డడు. తర్వాత ఒకటో తరగతి గదిల తొంగిచూసిండు. దండలు వేసుకొని నిండుగ కూసున్న పిల్లలు! "మీ బడి జోలికి ఎవ్వలు రారు" అన్నడు.

ఎద్దుకు పాల చెంబు పెట్టి, బర్రెకు నాగలి కట్టింది నేను. విప్పుకొని ఎవల జాగకు వాళ్లు పోంగనే బడి నడిచింది.

సాయంత్రం ముగ్గురం చాయ్ తాగుకుంట వచ్చే ఏటి డ్యూటీలు ఒప్పుకున్నం. డప్పు సాయిలన్నకు, మైకు మేడంకు, ఫారాలు లింబాద్రి సారుకు.

"మరి నాకు?" అన్న.

లింబాద్రి సారు చాయ్ పూర్తిగ తాగి, గ్లాసు పెట్టి, తూకమేసి అన్నడు:

"మీరు పండుకోండ్రి సార్. గా పనిల మీకు మించినోడు లేడు."