గోదావరి మీది ఊదా గీతలు

ఒక పాత చిత్రంలో ఏది మురికి, ఏది వెలుగు అని తేల్చే అధికారం ఎవరిది? దాన్ని శుభ్రపరిచే ఉద్యోగిదేనని మీరు అంటారా? నేనూ ముప్ఫై ఏళ్లు అలాగే అన్నాను.

రెండేళ్ల కిందటి వేసవిలో, పదవీ విరమణకు ముందు చివరి పనిగా, పాత చిత్రాల ప్రధాన సంరక్షకుడి హోదాలో నన్ను వరంగల్‌లోని ఒక కళాశాల గ్రంథాలయానికి పంపారు. అక్కడ గోదావరి ఒడ్డును చూపే తైలవర్ణ చిత్రం ఉంది. మన దగ్గర ఆధునిక చిత్రకళ తొలి అడుగులు వేస్తున్న రోజుల నాటిది. చిత్రకారుడి సంతకం చెరిగిపోయింది. పైపూతగా వేసిన వార్నిష్ పసుపెక్కి, ఉదయపు నది చల్లారిన టీలా కనిపించేది.

మా పనికొక క్రమం ఉంది: ముందు పరీక్ష, తర్వాత స్థితి నివేదిక, దాని మీద సంతకం, ఆపైనే శుభ్రత. అతినీలలోహిత దీపం కింద, ఆకుపచ్చ నీటి మీద అడ్డంగా ఉన్న ఊదా గీతలు నల్లగా కనిపించాయి. తర్వాతివారు పూసిన రంగు తరచుగా అలాగే కనిపిస్తుంది. కింది మూలలో గోరంత మేర, ద్రావకంలో తడిపిన దూదితో తుడిచాను. ఊదా సులువుగా ఊడివచ్చింది. ‘పరాయి పూత, తొలగించవలెను’ అని రాశాను. కాలేజీ చర్చావేదికల మీద గెలిచినవాణ్ణి. రెండు ఆధారాలు చాలనుకున్నాను. మర్నాడు దాని మీద నా సంతకం పడితే నది అంతటా ఆ గీతలు పోతాయి.

సంతకం చేయాల్సిన ఆ ఉదయం పఠన మందిరానికి జంపఖానాలు తెచ్చిన కాశిబుగ్గ నేతకారిణి రాజక్క చిత్రం ముందు ఆగి, బల్ల మీద ఊదా అంటిన దూదిని చూసింది.

“గా ఊదను తీస్తాండ్రా సారూ?”

తర్వాత ఎవరో పూసినదని చెప్పాను.

“ఎవలు సెప్పిండ్రు?”

దీపం చెప్పిందన్నాను.

“దీపానికి నేత ఎరికనా?” అని నవ్వింది. “నెమలికంఠం చీరకు గా రంగు నూలు ఏడ దొరుకుతది? పడుగు నీలం, పేక పచ్చ. కలిసేది సూసేటోళ్ల కండ్లల్ల. గిండ్ల గూడ గట్లనే ఉన్నది. జర ఎనుకకు రాండ్రి.”

గుమ్మం దాకా వెనక్కి నడిచాను. తూర్పు కిటికీలోంచి ఎండ పడుతోంది. పసుపెక్కిన వార్నిష్ కింది నుంచే నది కదిలింది. ఊదా కనిపించలేదు, ఆకుపచ్చా కనిపించలేదు. నీటి మీద పొద్దు నిలిచి ఉంది. ఏ రంగు గొట్టంలోనూ దొరకని వెలుతురు అది. మూడు వారాలుగా జానెడు దూరం నుంచి పరీక్షించిన చిత్రాన్ని అప్పుడే మొదటిసారి చూశాను.

కింది మూలలో మాత్రం గోరంత నీరు చచ్చి ఉంది. రాజక్క దాన్నీ పట్టేసింది.

“గీడ పోగు తెగింది సారూ. ఎవలు తెంపిండ్రు?”

నేనేనని చెప్పాను. ఆమె జంపఖానాలు పరవడానికి వెళ్లింది.

భూతద్దంతో మళ్లీ చూశాను. ఊదా గీతల కొసలు ఆకుపచ్చలోకి సాగి కలిసిపోయాయి; రెండూ తడిగా ఉండగా, ఒకే పూటలో వేసినవి. చిత్రకారుడు రంగులోనే వార్నిష్ కలిపి ఉండాలి, అందుకే అంత సులువుగా ఊడింది. దీపం కింద నల్లబడటమంటారా, కొన్ని రంగులు పాతవైనా అలాగే కనిపిస్తాయి. నివేదిక కొట్టివేసి కొత్తది రాశాను. గీతల దగ్గర పైపూతను పలుచన చేసి వదిలేశాను. గోరంత లోపాన్ని కప్పలేదు. నా పేరుతోనే నమోదు చేశాను.

రంగు ఎప్పటిదో ఊహించడానికి పరికరం సాయపడుతుంది. ఆ రంగు అక్కడ ఏ పని చేస్తున్నదో అది చెప్పదు. ఆ ప్రశ్న మా నివేదిక పత్రంలో లేదు, నేనూ అడగలేదు.

మీ బడిలోనో ఆఫీసులోనో పాత చిత్రం ఉంటే, తడిగుడ్డ పక్కన పెట్టండి. కిటికీ తెరిచి, గుమ్మం దాకా వెనక్కి నడిచి చూడండి. రంగులతో బతికేవారిని ఒకరిని వెంట తీసుకెళ్లి, వారినీ అడగండి.