ఆరిన్ మోకాలి వెనక మచ్చ

మా కనెక్టికట్ పల్లెల్లో రాతిగోడ కూలిందంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆరిన్ టిబెట్స్. సిమెంటు చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చి, "దీన్ని నా మనవళ్ళు కూడా కదపలేరు" అనేవాడు. మనవళ్ళ మాట అటుంచి, అరవై రెండేళ్ళొచ్చినా ఆయనకు పెళ్ళే కాలేదు. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నదాన్ని, ఆయన కబుర్లన్నీ నా చెవిన పడేవి.

జూన్ వచ్చిందంటే ఆరిన్ పొట్టి నిక్కరుతోనే పనికి దిగేవాడు. పిడుదుల భయంతో ఒళ్ళంతా కప్పుకుని తిరిగేవాళ్ళంటే ఆయనకు ఒకటే నవ్వు.

"నా రక్తం తాగితే వాటికే అజీర్తి!" అనేవాడు.

ఓ ఏడు మా ఊరి రోవీనా గొర్రెల దొడ్డి గోడ కూలితే ఆరిన్‌నే పిలిచింది. ఆమె భర్త పోయి ఎనిమిదేళ్ళు. మాట కటువు, మనసు మంచిది. పని మొదలైన మూడోవారంలో ఆరిన్‌కి జ్వరం తగిలింది, ఒళ్ళంతా సలుపు. ఎండదెబ్బ అనుకున్నాడు. ఓ మధ్యాహ్నం రాయి ఎత్తబోయి అక్కడే చతికిలబడ్డాడు. నిమ్మరసం తెచ్చిన రోవీనా ఆయన కాలివైపు చూసి ఆగిపోయింది. మోకాలి వెనక అరచేతి వెడల్పున ఎర్రటి మచ్చ.

"అదేంటండీ?"

"ఏ ముళ్ళో గీసుకుని ఉంటాయి."

"ఇంత గుండ్రంగా గీస్తాయా? అద్దంలో చూసుకోరా?"

"మోకాలి వెనక ఎవరు చూసుకుంటారండీ!"

"బండెక్కండి, డాక్టరు దగ్గరికి."

"ఇంకా ఆరడుగుల గోడ ఉంది..."

"గోడెక్కడికీ పారిపోదు. మీరే ఎక్కుతారా, గొర్రెని ఎక్కించినట్టు నన్ను ఎక్కించమంటారా?"

ఎక్కాడు.

డాక్టరమ్మ మచ్చ చూడగానే "లైమ్ జబ్బు, పిడుదు కుడితే వచ్చేది" అంది.

"పిడుదు కుట్టినట్టే తెలీలేదే!"

"పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. నొప్పీ ఉండదు, దురదా ఉండదు. మీ రాళ్ళ సందుల్లో ఎలుకలుంటాయిగా, వాటి నుంచే పిడుదుకి ఈ జబ్బు అంటుకుంటుంది."

"రక్తపరీక్ష చెయ్యరా?"

"ఇంత త్వరగా చేస్తే ఏమీ లేదనే రావచ్చు. ఈ మచ్చ చాలు. మాత్రలు రెండు వారాలు, ఒక్క పూటా మానకుండా వేసుకోండి. ఇలాగే వదిలేసి ఉంటే కీళ్ళకీ, నరాలకీ, గుండెకీ పాకేది."

మాత్రలు పనిచేశాయి. నీరసం మాత్రం ఇంకో నెల వదల్లేదు. మళ్ళీ పనిలోకి వచ్చిన ఆరిన్‌ని ఊరంతా వింతగా చూసింది. లేతరంగు ప్యాంటు, దాని అంచులు మేజోళ్ళలో దోపుడు, బట్టలకు పిడుదుల మందు పిచికారీ. ఇంటికి రాగానే విప్పిన బట్టలు, పిడుదులుంటే చచ్చేలా, నేరుగా బట్టలారబెట్టే వేడి యంత్రంలోకి.

అన్నీ చేసినా వీపూ మెడా సొంతంగా చూసుకోవడం ఎలా? వారం రోజులు తటపటాయించి, ఓ సాయంత్రం చిన్న పట్టకారుతో రోవీనా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏంటి, కోడి ఈకలు పీకాలా?"

"కాదు... మెడ వెనక ఓసారి చూస్తావా? ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేరు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. చెవి వెనక పిడుదు ఒకటి దొరికింది.

"అగ్గిపుల్లతో కాల్చెయ్!"

"నోర్మూసుకో, కదలకు. కాలిస్తే ఇంకా విషం కక్కుతుంది. చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి." లాగేసింది, సబ్బుతో కడిగింది. "ఇంకా పొట్ట నిండలేదు, ఇవాళే పట్టింది. ఒక్కరోజులోపు తీసేస్తే చాలావరకు భయం లేదు."

ఆగస్టులో గోడ పూర్తయింది. ఆరిన్ రాకపోకలు మాత్రం ఆగలేదు. రోజూ సాయంత్రం ఆయన మెడ ఆమె చూస్తే, ఆమె మెడ ఆయన చూసేవాడు. అక్టోబరులో చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. "పట్టకారుతో పెళ్ళాన్ని సంపాదించినవాడు మా జిల్లాలో ఇతనొక్కడే" అని నేను అంటే, రోవీనా గలగలా నవ్వింది. ఆరిన్ చెవులు ఎర్రబడ్డాయి.