బండి జబ్బులు అడిగిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను మోర్తాడ్‌లో పసుపు బస్తాలు ఎక్కిస్తున్నాను. పొద్దున చాయ్ తాగి, కుర్చీలోనే ఒరిగిపోయిందట. రైతుకు సంగతి చెప్పి, ఎక్కించిన బస్తాలు దింపించి నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఆమె ఇంటికి బయలుదేరాను. దారిలో ఏడుపు రాలేదు. ఏడ్చేవాళ్లను ఆమె ఓదార్చేది కాదు. ఇప్పుడు చెయ్యాల్సిన పని ఏమిటని అడిగేది.

మా అమ్మకు అక్క. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. మందు డబ్బా తెరిస్తే మాత్ర కన్నా ముందు లోపల మడతపెట్టిన కాగితం తీసేది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకు ఆనించి మొత్తం చదివేది. వాడకట్టు వాళ్లు తమ మందులు తెచ్చి చూపించుకునేవారు. ధైర్యం చెప్పేది కాదు, భయపెట్టేదీ కాదు. అందులో ఏముందో చెప్పేది, అంతే. చాయ్‌లో చక్కెర వేసుకునేది కాదు గానీ, బోధన్ నుంచి ఎవరొచ్చినా చెరుకు గడలు తెమ్మనేది.

నేను చుట్టుపక్కల ఊళ్ల నుంచి నిజామాబాద్‌కు కూరగాయలు, పసుపు చేరవేస్తాను. ఆ మధ్య డీజిల్ బండి పాతబడటంతో సెకండ్‌హ్యాండ్‌లో చిన్న కరెంటు ట్రక్కు కోసం వెతికాను. బోధన్‌లో తెలిసినాయన తనది అమ్ముతానన్నాడు. టైర్లు బాగున్నాయి, చార్జింగ్ బాగా నిలుస్తోంది. నాకు నచ్చింది. పెద్దమ్మకు చెబితే, ఈ బండి గురించి కంపెనీ తన మెకానిక్‌లకు ఏం రాసి పంపిందని అడిగింది. అట్లాంటిది ఒకటి ఉంటుందని నాకు తెలియదు.

"మందులకు కాగితం ఉన్నట్టు బండ్లకు ఉండదా? అడిగి చూడు" అంది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఉన్నాయని తేలింది. సర్వీస్ బులెటిన్లు అంటారు. ఒక మోడల్‌లో ఒకే ఫిర్యాదు పదేపదే వస్తుంటే, దాన్ని ఎట్లా గుర్తించాలి, ఏ భాగం మార్చాలి అని కంపెనీ తన సర్వీస్ సెంటర్లకు పంపే సూచనలు. బయటివాళ్లకు చూపించరన్నారు. అయితే బండి గలాయనే వచ్చి అడగాలి కదా అని పెద్దమ్మ ఆయనను బోధన్ నుంచి పిలిపించింది. బండితోనే వచ్చాడు. ముగ్గురం సర్వీస్ సెంటర్‌కు వెళ్లాం.

సూపర్‌వైజర్ ఛాసిస్ నంబర్ కొట్టి చూశాడు. ఈ బండికి వర్తించేవి రెండున్నాయి. ఒకటి చార్జింగ్ సాఫ్ట్‌వేర్ గురించి. ఆ పని ఎప్పుడో అయిపోయింది. రెండోది బ్యాటరీ కేబుల్ జాయింట్‌లోకి వాననీళ్లు దిగడం గురించి. అక్కడి రబ్బరు సీలు మార్చాలి. మార్చినట్టు రికార్డులో లేదు.

నా మనసు విరిగింది. ఈ బండి వద్దు, పోదాం పదమన్నాను. పెద్దమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"కాగితంల ఉన్నంత మాత్రాన బండికి ఆ రోగం ఉన్నట్టు కాదు బిడ్డా. ఏం అడగాల్నో తెలిసింది, గంతే" అని, ఆయన వైపు తిరిగి బండి వానలో ఎప్పుడైనా ఆగిందా అని అడిగింది.

"ఆగింది సిస్టరమ్మా. ఎండ కొట్టంగనే మళ్ల నడిచింది. గది చెప్తే ఎవలు కొంటరు?"

నాకు కోపం వచ్చింది. ఆమెకు రాలేదు. ఎంతో మంది రోగులు దాచినవి విన్న మనిషి. విప్పి చూడమని సూపర్‌వైజర్‌తో చెప్పింది. బండిని పైకి లేపి చూస్తే జాయింట్ పచ్చగా చిలుము పట్టి ఉంది. బ్యాటరీకి మాత్రం ఏమీ కాలేదు. వారంటీ మిగిలి ఉండటంతో సీలూ జాయింటూ కంపెనీ ఖర్చుతోనే మార్చారు.

తర్వాత పెద్ద వానలు పడ్డాయి. బండి ఎక్కడా ఆగలేదు. దాంతో ఆయన ఫోన్ చేసి, ఇక అమ్మడం లేదన్నాడు. ఆ ఒక్క బాధకే అమ్ముదామనుకున్నాడట. నేను నేరుగా కంఠేశ్వర్‌కు వెళ్లి, నీ వల్లే నా బండి పోయిందని పెద్దమ్మ మీద ఎగిరాను. ఆమె చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

"రోగం తగ్గినోడు ఆసుపత్రిల ఎందుకుంటడు?" అంది తల ఎత్తకుండా. నేనూ కూర్చుని చిక్కుడుకాయలు అందుకున్నాను.

కొన్నాళ్లకు మెండోరలో ఇంకో బండి దొరికింది. ఈసారి అన్నీ నేనే అడిగి వచ్చి, బులెటిన్లలో ఉన్న పనులన్నీ చేయించారని చెప్పాను. ఎవరు చెప్పారని అడిగింది. అమ్మేటాయన అన్నాను. ఊరుకుంది. ఆ ఊరుకోవడం అర్థమై, సర్వీస్ సెంటర్‌కు వెళ్లి రికార్డు చూసుకున్నాకే బండి తెచ్చుకున్నాను. ఇప్పటికీ దాని మీదే బతుకుతున్నాను.

సమాధుల తోటకు పెద్దమ్మను ఆ బండిలోనే తీసుకెళ్లాం. నేనే నడిపాను. సందు ఇరుకు కావడంతో చర్చి వాళ్లు కొందరు ముందు నడిచారు. కరెంటు బండికి చప్పుడు ఉండదు. వాళ్లు పాడుతూనే, పెద్దమ్మ వస్తోందో లేదోనని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచారు.